వెనక గుండులో నీళ్లు, బండి మీద పోచమ్మ

చంద్రపూర్ వైపు వెళ్లొచ్చానని చెప్పగానే మా స్టాఫ్‌రూంలో అందరూ ఒకటే ప్రశ్న వేశారు, పులి కనబడిందా అని. తాడోబా అడవి అటే కదా, అడగడంలో తప్పులేదు. పులి కనబడలేదు. ఆ మూడు రోజుల్లో నేను ఎక్కువసేపు చూసింది మా తమ్ముడి పికప్ బండి వెనక ఇరుసును. అది కూడా నేలమీద గొంతుక్కూర్చుని, చీర కుచ్చిళ్లు ఒడిలోకి దోపుకుని చూశాను. వెళ్లనివాళ్ల కోసం ఆ సంగతే రాస్తున్నాను. పులుల గురించి రాసేవాళ్లు వేరే ఉన్నారు.

నేను ఆసిఫాబాద్‌లో సాంఘికశాస్త్రం టీచర్ని. అప్పటికి రాష్ట్రం వేరై రెండేళ్లు దాటింది. ఆ ఏటి దసరా నాడు మా ఆదిలాబాద్ జిల్లా కూడా నాలుగు జిల్లాలైంది. క్లాసు గోడకున్న పటం ఒక్కటీ పనికిరాకుండా పోయింది. పాత పటం మీద కర్ర పెట్టి కొత్త జిల్లాలు గాలిలో గీసి చూపిస్తున్నాను. సెలవు పెట్టి నాలుగు రోజులు ఎటైనా పోతే బాగుండుననిపించింది. అప్పుడే రాజక్క నుంచి ఫోనొచ్చింది.

రాజక్క మా పెద్దక్క. పెళ్లై మహారాష్ట్రలోని సాస్తి బొగ్గుగని కాలనీకి వెళ్లి ముప్పై ఏళ్లు దాటింది. బావది గనిలో పని. ఆ కాలనీలో సగంమంది మన వైపు నుంచి వలస వెళ్లినవాళ్లే. వాళ్ల పోచమ్మ రాయి, గద్దె మార్చేటప్పుడు వాళ్ల చేతుల్లోనే జారి పగిలింది. కొత్తది కావాలి. చంద్రపూర్ బజార్లో తయారుగా ఉన్న పాలరాతి విగ్రహం తెద్దామని కుర్రవాళ్లన్నారు. వాళ్లకు ముందు నిలబడినవాడు రాజక్క కొడుకు మహేశే. తల్లి ఒప్పుకోలేదు. పుట్టింటి నుంచి నల్లరాయి తెప్పిస్తాను, నా తమ్ముడు తన బండిలో తెస్తాడని పెద్దల ముందు మాటిచ్చింది. ఆదివారం పొద్దున ప్రతిష్ఠ. అప్పటికి రాయి చేరకపోతే పాలరాయి వస్తుంది, కొడుకు ముందే అక్క మాట పోతుంది.

ఇంకో సంగతి చెప్పాలి. పోచమ్మను వాళ్లు పుట్టింటి నుంచి వచ్చే ఆడబిడ్డగా చూస్తారు. పుట్టింటి బండి ఎక్కిన తల్లి తన గద్దె దగ్గరే దిగాలి. మధ్యలో బండి మారకూడదు, నేల తగలకూడదు. ఈ కట్టుబాటు విని నేను తలూపాను. బండి చెడిపోతే ఏం చేయాలని మాత్రం అడగలేదు.

వాంకిడి

శుక్రవారం పొద్దున రాయిని బండి మీదికెక్కించాం. ఎనిమిది మంది ఎత్తారు. నల్లరాయిలో కళ్లు, నుదుటి బొట్టు తప్ప పెద్ద చెక్కుడు లేదు. చుట్టూ గడ్డి, పైన టార్పాలిన్, దాని మీద వేపమండ. మా తమ్ముడు సమ్మయ్య కొబ్బరికాయ కొట్టి, స్టీరింగుకు దండం పెట్టి ఎక్కాడు. ఈ బండి వాడికి బిడ్డ లాంటిది. అంత ముద్దుగా చూసుకుంటాడు కాబట్టే తర్వాత కథంతా జరిగింది.

వాంకిడిలో మిరపకాయ బజ్జీలు తిన్నాం. ప్లేటు ఇరవై రూపాయలు. ఊరు దాటాక బండి వెనక నుంచి సన్నగా కూత మొదలైంది. వేగం పెరిగితే పెరుగుతుంది, కాలు తీస్తే స్వరం మారుతుంది. నేనడిగితే సమ్మయ్య టైరు సప్పుడన్నాడు. కొంతదూరం పోయాక రోడ్డు సప్పుడన్నాడు. ఆ తర్వాత నేనడగలేదు, వాడు రేడియో పెంచాడు.

సరిహద్దు దగ్గర మహారాష్ట్ర పోలీసాయన నంబరు ప్లేటు చూసి, టీఎస్ అంటే ఏ రాష్ట్రమని హిందీలో అడిగాడు. ఏపీ తెలుసు, ఇది కొత్తగా ఉందన్నాడు. రెండేళ్లయిందని చెప్పాను. టార్పాలిన్ కింద ఏముందన్నాడు. మాతాజీ అని సమ్మయ్య చెప్పగానే ఆయన చెప్పులు వదిలి టార్పాలిన్‌కు దండం పెట్టి పంపించాడు. ఏ రాష్ట్రపు మాత అని మాత్రం అడగలేదు.

విరూర్

కూతకు తోడు మలుపుల్లో కటకటమని శబ్దం మొదలయ్యేసరికి సమ్మయ్య ముఖంలో రంగు మారింది. పెద్దరోడ్డు మీద ఆగిపోతే దిక్కుండదని విరూర్ వైపు తిప్పాడు. స్టేషన్ దగ్గర చాయ్ బండి ముందు ఆపాం. దిగి ఇరుసు మధ్యనున్న ఇనుప గుండు మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. పెనంలా కాలుతోంది.

ఆ గుండులో ఉండేదాన్ని పుస్తకాల్లో డిఫరెన్షియల్ అంటారు. సమ్మయ్య వెనక గుండంటాడు. మూల తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ దూరం. ఒకే ఇరుసుకున్న రెండింటినీ కొట్లాట లేకుండా తిప్పేది అదే. ఇద్దరు కోడళ్లున్న ఇంట్లో అత్తగారి లాంటిదన్నమాట. అత్తగారికి కోపమొస్తే రెండు చక్రాలూ ఆగుతాయి.

చాయ్ తాగేవాళ్లు తలా ఒక మాట చెప్పారు. ఒకాయన బ్రేకు పట్టిందన్నాడు. ఇంకొకాయన దిష్టి తగిలిందన్నాడు. పక్కనే సీతాఫలాలు అమ్ముతున్న ఆవిడ నన్ను తెలుగులోనే పలకరించింది. మా దగ్గర డజను లెక్క, ఇక్కడ బుట్ట లెక్క. యాభై రూపాయలకు చిన్న బుట్ట నిండా ఇచ్చింది. బేరమాడినందుకు సిగ్గేసింది గానీ ఆడకపోతే ఆవిడే చిన్నబుచ్చుకునేట్టుంది. పండ్లను సీటు కింద పెట్టాను. కింద గేరుపెట్టె వేడి ఉంటుందని తట్టలేదు. రాజురా చేరేసరికి సగం గుజ్జయి నా చెప్పుల్లోకి వచ్చింది.

విరూర్ నుంచి రాజురా దాకా సైకిల్ మీద పోయేవాళ్లు మమ్మల్ని దాటిపోయారు. ఆవర్‌పూర్ వైపు సిమెంటు లారీలు హారన్ కొట్టి మరీ దాటాయి. సాయంత్రానికి రాజురా చేరి, రాత్రికి అక్కడే ఆగిపోయాం. అక్కకు ఫోన్ చేసి బండికి చిన్న ఇబ్బంది వచ్చిందన్నాను. ఆమె తల్లిని దించొద్దని ఒక్క మాట చెప్పి పెట్టేసింది.

రాజురా

శనివారం పొద్దున తర్రీ పోహాతో మొదలైంది. మన అటుకుల ఉప్మా లాంటిదే కానీ పైన ఎర్రటి శనగల పులుసు పోస్తారు. ప్లేటు పదిహేను రూపాయలు. మొదటి ముద్దకు కళ్లలో నీళ్లొచ్చాయి, రెండో ప్లేటు కూడా తిన్నాను. సాంబారు ఉందా అని అడిగితే పోహా అమ్మేవాడు కొత్తిమీర కట్ట చూపించాడు. ఆ వైపు కొత్తిమీరనే అలా అంటారట.

మెకానిక్ లతీఫ్ భాయ్ షెడ్డు ధాన్యం గోదాముల వరుసలో ఉంది. మాటకారి మనిషి. పక్కన కూర్చుని వీధి చివరిదాకా బండి నడిపించుకుని, కుడి చక్రం బేరింగ్ పోయిందని గట్టిగా తేల్చేశాడు. సమ్మయ్య సంతోషపడ్డాడు. చక్రం బేరింగ్ అయితే గంటలో పని. తర్వాత ఎందుకో భాయ్ గుండు కింద బోల్టు విప్పి చూశాడు. నల్లగా, జిగటగా రావలసిన నూనె పాలు పోసిన చాయ్ రంగులో కారింది. లతీఫ్ భాయ్ తన మాట తనే వెనక్కి తీసుకున్నాడు. నీళ్లు చేరాయి, లోపలి బేరింగులు తినేసుకున్నాయి, గేరు పళ్లు బతికున్నాయో లేదో విప్పితే గానీ తెలియదన్నాడు. బండిని నీళ్లలోకి దింపారా అని అడిగాడు.

సమ్మయ్య దింపలేదన్నాడు. నేను వాడివైపు చూశాను. దసరా నాడు ఆయుధపూజకు ఊళ్లోని బండ్లన్నీ వాగులో ఉన్నాయి. ట్రాక్టర్లు, జీపులు, ఆటోలు అన్నింటినీ నడుంలోతు నీళ్లలో నిలబెట్టి కడిగారు. మా వాడు కాగజ్‌నగర్ కిరాయి దించి నేరుగా వచ్చి, వేడి వేడి బండిని వాగులోకి తోలి, గంటసేపు రుద్ది, బంతిపూలు కట్టాడు. నేనే ఫొటో తీశాను. ఆ మాట చెప్పాల్సి వచ్చింది.

వేడి గుండు చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని నీళ్లను పీల్చుకుంటుందట. ప్రతి ఏడూ ఇదే తంతు అని లతీఫ్ భాయ్ నవ్వాడు.

"మీ దసరా అయిపోయినంక నా దసరా షురూ అయితది," అన్నాడు. "ఇగ మాల్ దించుండ్రి. వెనక లేపాలె."

సమ్మయ్య దించనన్నాడు. పైనున్నది పోచమ్మని, నేల తగలకూడదని, బండి మారకూడదని చెప్పాడు. లతీఫ్ భాయ్ టార్పాలిన్ వైపు చూసి ఒకడుగు వెనక్కి జరిగాడు. అమ్మవారి మీద తనకూ భయభక్తులున్నాయన్నాడు. కానీ పైన రాయి ఉండగా కిందికి దూరనన్నాడు. వాళ్ల చిన్నాన్న అలాగే లోడు బండి కింద పడుకుంటే జాకీ జారి చెయ్యి పోయిందట. ఇద్దరిదీ న్యాయమే. ఇద్దరూ చెరొక డ్రమ్ము మీద చెరొక వైపు తిరిగి కూర్చున్నారు.

అప్పుడే మహేశ్ మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. ఇరవై నాలుగేళ్లవాడు, మరాఠీ బడిలో చదివాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. బండిని చూసి ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేయలేదు. పాలరాతి దుకాణం వాడు సాయంత్రం వరకే ఆగుతానన్నాడని, ఒక్క ఫోన్ కొడితే రేపు పొద్దున కాలనీలో ఉంటుందని చెప్పాడు. వాడు తల్లిని మరాఠీలో ఆయీ అంటాడు.

"ఆయీకి నువ్వే చెప్పు చిన్నమ్మా," అన్నాడు. "నేను చెప్తే గెలిచిండనుకుంటది."

ముప్పై ఏళ్లలో రాజక్క పుట్టింటివాళ్లను అడిగింది ఈ ఒక్కటే. అది కూడా మా చేతుల్లో చెడిపోతోందని ఏడుపొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంటుంటే ఎదుటి గోదాం అరుగు మీద నుంచి ఒకావిడ, తెలుగోళ్లా అని అడిగింది.

ఆమె పేరు సుగుణమ్మ. భర్త చంద్రమౌళి సేటుకు ధాన్యం వ్యాపారం. మాకు మంచినీళ్లిచ్చి, సంగతంతా విన్నది. సేటు ఈలోగా వాళ్ల ఇంటి కథ చెప్పాడు. నేను టీచర్నని తెలిసి పాఠంగానే చెప్పాడు.

"మా నాయిన ఆదిలాబాద్ జిల్లాల పుట్టిండు, మా అన్న నాందేడ్ జిల్లాల, నేను చాందా జిల్లాల," అన్నాడు. "ముగ్గురం గీ వెనక అర్రలనే పుట్టినం. ఇల్లు ఇంచు జరగలే."

చాందా అంటే చంద్రపూర్ పాత పేరు. రాజురా ఒకప్పుడు మా ఆదిలాబాద్ జిల్లాలోదే అని పిల్లలకు ఏటా చెప్తాను. చెప్పినంత కాలం అది నాకు పటమే. ఆ వెనకగది తలుపు సందులోంచి చూశాను. లోపల పప్పు బస్తాలున్నాయి.

సుగుణమ్మ మాత్రం పోచమ్మ గురించే ఆలోచిస్తోంది. చివరికి, పుట్టింటి నుంచి పోయే పిల్ల దారిలో చిన్నమ్మ ఇల్లుంటే ఆగదా అని అడిగింది. ఆగుతుందని సమ్మయ్య ఒప్పుకున్నాడు. ఆగితే కటిక నేల మీద కూర్చోబెడతారా అని అడిగింది. కూర్చోబెట్టరన్నాడు.

"గట్లయితే మా ఇంట్ల ఆగుతది," అన్నది సుగుణమ్మ. "బియ్యం మీద కూసోబెడత. ఒడిబియ్యం పోసి మళ్ల మీ బండే ఎక్కిస్త. బండి మారలే, నేల తాకలే."

సమ్మయ్య నా వైపు చూశాడు. నేను మహేశ్ వైపు చూశాను. సమ్మయ్య లేచి టార్పాలిన్ తాడు విప్పాడు.

గోదాం అరుగు సరిగ్గా బండి తొట్టి ఎత్తుంటుంది, బస్తాలెక్కించడానికి. పికప్‌ను వెనక్కి తోసి అరుగుకు ఆనించారు. సేటు బియ్యం బస్తాలు పక్కపక్కన పరిపించాడు. హమాలీలు రాయి కింద వెదురు బొంగులు పెట్టి దొర్లించారు. ఒకచోట రాయి పక్కకు ఒరిగింది. అందరికంటే ముందు భుజం అడ్డం పెట్టినవాడు మహేశ్. చొక్కా చిరిగింది. పోచమ్మ బస్తాల మీద కుదురుగా కూర్చున్నాక లతీఫ్ భాయ్ పనిముట్ల సంచీ తెరిచాడు.

చంద్రపూర్ బజార్

విప్పి చూస్తే గేరు పళ్లు బతికే ఉన్నాయి. మార్చాల్సిన బేరింగులు, ఆయిల్ సీలు మాత్రం చంద్రపూర్‌లోనే దొరుకుతాయన్నాడు లతీఫ్ భాయ్. మహేశ్ వెనక మోటార్‌సైకిల్ మీద కూర్చున్నాను. బల్లార్పూర్ దాటేదాకా కళ్లు మూసుకునే ఉన్నాను. తెరిచేసరికి కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనబడ్డాయి. గాలిలో బొగ్గు నుసి. సాయంత్రానికి ముక్కు తుడుచుకుంటే రుమాలు నల్లబడుతుంది. అక్కడివాళ్లకు అది లెక్కే లేదు.

జట్‌పురా గేటు కింద నుంచి వెళ్లాం. పాతకాలపు కోట గుమ్మం, దాని కింద నేటి ట్రాఫిక్ అంతా ఇరుక్కుని పోవాలి. విడిభాగాల దుకాణంలో పాత బేరింగ్ చూపిస్తే, దుకాణదారు దాన్ని వేలికి తగిలించి తిప్పి, విని, లోపలికెళ్లి కొత్తది తెచ్చాడు. దసరాయా అని అడిగాడు. అవునన్నాను. తల ఆడించాడు.

తిరిగొచ్చేటప్పుడు మహేశ్ ఒక దుకాణం ముందు ఆపాడు. పాలరాతి అమ్మవారు అక్కడే ఉంది. తెల్లగా, నవ్వు ముఖంతో, అంచులకు బంగారు రంగు. అబద్ధం చెప్పను, చాలా బాగుంది. ఆ మాటే వాడితో అన్నాను. వాడు చాలాసేపు చూశాడు. దుకాణదారు ఏం చేద్దామని మరాఠీలో అడిగాడు. సాయంత్రం ఫోన్ చేసి చెప్తానన్నాడు మహేశ్.

రాజురా చేరేసరికి సుగుణమ్మ, అత్తింటికి పోయే ఆడబిడ్డ ఒడిలో పోసే ఒడిబియ్యం పళ్లెం సర్ది పెట్టింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, పసుపు కొమ్ములు, ఆకుపచ్చ రవికె గుడ్డ. రాయికి ఎర్ర బట్ట చుట్టింది. దాని కొంగు పట్టడానికి పుట్టింటి మనిషో, అత్తింటి మనిషో కావాలని మహేశ్‌ను పిలిచింది. వాడికి తంతు తెలియదు. తల్లికి ఎప్పుడైనా పోశారా అని ఆమె అడిగితే తెల్ల ముఖం వేశాడు. మరాఠీలో ఓటీ నింపడమంటారే, అదే ఇది, అని చెప్పింది. వాడి కళ్లు పెద్దవయ్యాయి. స్నేహితుల ఇళ్లలో ఎన్నోసార్లు చూశాడట. అది వాళ్ల ఆచారం అనుకున్నాడట, తన ఇంట్లోనూ ఉందని తెలియదట.

కొంగు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. సుగుణమ్మ దోసిలితో పోసింది. నేనూ పోశాను. గోదాంలో గ్రీజు చేతులతో నిలబడిన లతీఫ్ భాయ్ ఒక్క గింజ కూడా కింద పడకుండా చూడమని దూరం నుంచే జాగ్రత్తలు చెప్పాడు. దీపాలు పెట్టే వేళకు బండి సిద్ధమైంది. మహేశ్ ఎవరికో ఫోన్ చేసి మరాఠీలో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాడు. ఏం చెప్పాడో నేనడగలేదు.

రాత్రి మమ్మల్ని వాళ్లింట్లోనే పడుకోబెట్టారు. ఝుణ్‌కా, జొన్నరొట్టె పెట్టారు. శనగపిండితో చేసే ఝుణ్‌కా కూర మా ఇంట్లో పలచగా వండే పిట్లకు దాయాది. జొన్నరొట్టె మా ఇంటి రొట్టే, కాస్త మందం.

సాస్తి

ఆదివారం తెల్లవారగానే పోచమ్మను మళ్లీ అదే బండి ఎక్కించి బయల్దేరాం. కూత లేదు. సమ్మయ్య రేడియో పెట్టలేదు, దారి పొడుగునా చెవి వెనక్కే పెట్టి నడిపాడు. మహేశ్ ముందు మోటార్‌సైకిల్ మీద దారి చూపిస్తూ పోయాడు. ఒక పక్క గని తవ్వి పోసిన మట్టి కొండలు, వాటి మీద గడ్డి. ఇంకో పక్క పత్తి విచ్చుతోంది.

కాలనీ మొదట్లోనే డప్పులు వినిపించాయి. గద్దె దగ్గర జనం. రాజక్క నీళ్ల బిందెతో ముందు నిలబడి ఉంది, వచ్చే బండి చక్రాలకు నీళ్లు వారబోయడానికి. నన్ను చూసింది గానీ నవ్వలేదు. ఎందుకో వెంటనే అర్థమైంది. మాకంటే ముందే మాట వచ్చేసింది.

కాలనీకి పెద్ద పోశం తాత. చేతికర్ర ఆనించుకుని బండికి అడ్డంగా వచ్చాడు. డప్పులు ఆగాయి.

"నడుమ దించిన్రట గదా," అన్నాడు.

సమ్మయ్య ఇంజన్ ఆపాడు. నేను బండి దిగాను. రాజక్క చేతిలో బిందె ఒరిగి, నీళ్లు అంచు దాటి ఆమె పాదాల మీద పడుతున్నాయి. పాలరాయి కావాలన్న కుర్రవాళ్లంతా మహేశ్ వైపు చూశారు. ఒక్క మాట అంటే చాలు, వాళ్లది గెలుపు.

మహేశ్ మోటార్‌సైకిల్ స్టాండు వేసి వచ్చాడు. చిరిగిన చొక్కానే వేసుకున్నాడు.

"దించలే తాతా," అన్నాడు. "చిన్నమ్మ ఇంట్ల ఆగింది. బియ్యం మీద కూసుంది. ఒడిబియ్యం పోసిన్రు, కొంగు నేనే పట్టిన."

పోశం తాత టార్పాలిన్ ఎత్తి చూశాడు. ఎర్ర బట్ట, ఆకుపచ్చ రవికె, కొంగులో పసుపు బియ్యం మూట. మూటను అరచేత్తో తూచినట్టు ఎత్తాడు.

"పుట్టింటి నుంచి వచ్చే పిల్ల చుట్టాలిండ్ల ఆగకుంట వస్తదా," అన్నాడు. "ఒట్టి చేతులతోని రాలే. కొట్టున్రి."

డప్పులు మళ్లీ మొదలయ్యాయి. రాజక్క బిందె పట్టుకుని బండి దగ్గరికొచ్చింది. కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ముందు చక్రాలకు నీళ్లు పోసి వెనక్కి తిరిగింది. సమ్మయ్య ఒక్క గెంతున కిందికి దూకి, వెనక గుండుకు చేతులు అడ్డం పెట్టాడు.

"అక్కా, నీ కాళ్లు మొక్కుత, వెనకకు పొయ్యకు."

సంగతి తెలిసిన మేం ముగ్గురం నవ్వాం. తెలియనివాళ్లు కూడా నవ్వారు. రాజక్క ఏడుస్తూనే నవ్వింది. మిగిలిన నీళ్ల బిందెను కొడుకు చేతికిచ్చి, ఖాళీ అయిన చేతులతో వాడి చొక్కా చిరుగు పట్టుకుని, ఎట్ల చినిగిందని అడిగింది. పోచమ్మ తన మీద ఒరిగిందని వాడు చెప్పాడు. ఆమె ఆ చిరుగును చాలాసేపు వదల్లేదు.